‘పేరు’, ‘పైరు’ రెండూ ఒకటే అయిపోయాయి: తెలుగు శీర్షికల నుంచి కోడ్‌లో పేర్లు పుట్టించేది ఎలా?

పల్నాటి_పైథాన్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఊరి రైతు సంఘం కోసం చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. సర్వే చేసే పిల్లలు స్ప్రెడ్‌షీట్‌లో కాలమ్ శీర్షికలు తెలుగులోనే పెడతారు. పేరు, తండ్రి/భర్త పేరు, 1బి నంబరు, పాస్‌బుక్ నంబరు, పైరు, భూమి (ఎకరాలు), భూమి (సెంట్లు), ధర. ఇలా ఉంటాయి.

నా స్క్రిప్టు ఆ మొదటి వరుస చదివి మూడు చోట్లకు కోడ్ తయారుచేస్తుంది. పైథాన్‌లో పైడాంటిక్ (డేటా సరిచూసే లైబ్రరీ) క్లాసు, వెబ్ పేజీకి టైప్‌స్క్రిప్ట్ టైపు, సర్వర్‌కి గో స్ట్రక్ట్. పైథాన్‌కి స్నేక్ కేస్ (పదాల మధ్య అండర్‌స్కోర్), టైప్‌స్క్రిప్ట్‌కి క్యామెల్ కేస్ (రెండో పదం నుంచి ప్రతి పదం మొదటి అక్షరం పెద్దబడి, అంటే క్యాపిటల్), గోకి పాస్కల్ కేస్ (మొదటి పదంతో సహా అన్నిటికీ పెద్దబడి) కావాలి. ఇంగ్లీషు శీర్షికలతో పరీక్షించినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు.

తెలుగు ఫైలు ఎక్కించాక రైతు పేరు ఉండాల్సిన చోట ‘మిరప’, ‘పత్తి’ అని వస్తున్నాయి. పుట్టిన కోడ్ తెరిచి చూస్తే ‘పేరు’ కాస్తా ప_ర_ అయింది. ‘పైరు’ కూడా ప_ర_ అయింది. రెండోది మొదటిదాన్ని తొక్కేసింది. ‘తండ్రి పేరు’ అయితే త_డ_ర_ప_ర_. వింతగా ‘ధర’ ఒక్కటి చెక్కుచెదరలేదు.

నేను చేసిందల్లా అక్షరం, అంకె, అండర్‌స్కోర్ కానివాటిని అండర్‌స్కోర్‌గా మార్చడమే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద డబ్ల్యూ వాడాను. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

---

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 10:15

‘ధర’ మిగలడంలోనే మీ జవాబు ఉందండీ. ‘ధర’లో గుణింతం లేదు. ధ, ర రెండూ ఉత్త అక్షరాలు. ‘పేరు’లో మనకు రెండు అక్షరాలే కనిపిస్తాయి, యూనికోడ్‌లో నాలుగు ఉంటాయి: ప, ఏత్వం, ర, కొమ్ము. ఏత్వం, కొమ్ము, సున్న, పొల్లు, ఇవన్నీ యూనికోడ్ లెక్కలో ‘అక్షరం’ జాతికి చెందవు, ‘గుర్తు’ జాతికి చెందుతాయి. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్ గుర్తులను పదంలో భాగంగా ఒప్పుకోదు. అందుకే ప్రతి గుణింతమూ అండర్‌స్కోర్ అయింది.

ఇదే జావాస్క్రిప్ట్‌లో చేసి ఉంటే ఇంకా ఘోరం. అక్కడ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. యూనికోడ్ కోసం ఉన్న యూ ఫ్లాగ్ పెట్టినా తెలుగు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

విచారం ఏమిటంటే, పైథాన్ భాషకు మాత్రం ‘పేరు’ అనే వేరియబుల్ పేరుతో ఏ పేచీ లేదు. 2007లో పెప్ 3131 (పైథాన్ మార్పు ప్రతిపాదన) రాశారు, పైథాన్ 3 నుంచి తెలుగు పేర్లు గుణింతాలతో సహా చెల్లుతాయి. ‘పేరు’ మీద ఈజ్ ఐడెంటిఫైయర్ అడిగి చూడండి, ట్రూ అంటుంది. అంటే చెల్లే పేరును తీసుకుని మనమే చెడగొట్టాం.

సరిచేయడానికి ప్రతి కోడ్ పాయింటు (యూనికోడ్ లెక్కలో ఒక్కో అక్షరం లేదా గుర్తు) జాతిని యూనికోడ్ డేటా మాడ్యూల్‌తో చూడండి. ఎల్‌తో (అక్షరం) లేదా ఎమ్‌తో (గుర్తు) మొదలయ్యే జాతి, లేదా ఎన్‌డీ (అంకె) జాతి అయితే ఉంచండి. మిగతావన్నీ పదాల మధ్య హద్దులుగా తీసుకోండి. ఎన్‌తో మొదలయ్యేవన్నీ ఉంచొద్దు, అర, పావు లాంటి భిన్నాల గుర్తులు కూడా అందులో ఉంటాయి, అవి పేర్లలో చెల్లవు.

---

సీమ_స్క్రిప్ట్ | సోమవారం, రాత్రి 10:32

ఇంత గొడవ ఎందుకు అన్నా? శీర్షికలను ఇంగ్లీషు అక్షరాల్లోకి లిప్యంతరం చేసేస్తే సరిపోదా? తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతికి రెడీమేడ్ కోడ్ దొరుకుతుంది. ఆ తర్వాత మామూలు కేస్ లైబ్రరీ చూసుకుంటుంది.

---

సిరిసిల్ల_మగ్గం | మంగళవారం, ఉదయం 7:05

సీమ గారూ, ఆ దారిలో నేను వెళ్ళి దెబ్బతిన్నాను, కాబట్టి వివరంగా రాస్తాను.

ఆర్‌టీఎస్‌లో పెద్దబడి, చిన్నబడి తేడా అలంకారం కాదు, ఉచ్చారణ. చిన్న డి అంటే ద, పెద్ద డి అంటే డ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. కానీ కేస్ మార్చే లైబ్రరీకి పెద్దబడి అంటే ఒకటే అర్థం: ఇక్కడ కొత్త పదం మొదలైంది.

మా నేతకారుల సంఘం స్టాకు షీటులో ‘పడుగు’ అని కాలమ్ ఉంది. లిప్యంతరంలో మధ్యలో పెద్ద డి వచ్చింది. లైబ్రరీ దాన్ని చూడగానే ప ఒక పదం, డుగు ఒక పదం అని చీల్చేసింది. సరే, చీల్చడం ఆపేసి మొత్తం చిన్నబడిలోకి మార్చాను. అప్పుడు ఇంకో దెబ్బ. మా షీటులో ‘గడి’ ఉంది, అంటే చీర మీద గడి కొలత. ‘గది’ కూడా ఉంది, సరుకు ఏ గదిలో పెట్టామో ఆ నంబరు. చిన్నబడిలో రెండూ ఒకే పేరు. వారం పాటు గది నంబర్లు గడి కొలతలుగా రికార్డు అయ్యాయి. వాటిని చేత్తో సరిచేయడానికి మరో వారం పట్టింది.

పల్నాటి గారి సమస్యకూ దీనికీ మూలం ఒకటే అనుకుంటున్నాను. కేస్ మార్పిడి చేసే కోడ్ అంతా ఇంగ్లీషు రాత అలవాట్లను నమ్ముకుని రాసింది. మన లిపిలో పెద్దబడి చిన్నబడి లేనే లేవు. పదాల హద్దు చెప్పేది ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీని పోగొట్టుకుంటే దాన్ని మళ్ళీ కనిపెట్టే గుర్తు పేరులో ఇంకేదీ ఉండదు. ‘తండ్రి పేరు’ని పాస్కల్ కేస్ చేస్తే ‘తండ్రిపేరు’ అవుతుంది, అంతే. అందుకని తెలుగు పేర్లకు ఏ భాషలో అయినా అండర్‌స్కోర్ ఉంచండి, ఆ భాష స్టైల్ గైడ్ ఏమన్నా సరే.

---

సీమ_స్క్రిప్ట్ | మంగళవారం, ఉదయం 7:20

గడి, గది సంగతి నాకు అస్సలు తట్టలేదు. ధన్యవాదాలు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

---

ఓరుగల్లు_జావా | మంగళవారం, ఉదయం 11:48

ఇంగ్లీషు పేర్లతో అయితే గొడవ ఉండదన్న అభిప్రాయం కూడా సరికాదు. పదకొండేళ్ళుగా కోడ్ జనరేటర్లతోనే నా పని. ఒక్క ‘యూజర్ ఐడీ’ తీసుకోండి. ఐ, డి రెండూ పెద్దబడిలో రాశారనుకుందాం.

జావాకి ఉన్న గ్వావా లైబ్రరీలోని కేస్ ఫార్మాట్ ప్రతి పెద్దబడి దగ్గరా చీలుస్తుంది. స్నేక్ కేస్ అడిగితే యూజర్_ఐ_డి వస్తుంది, మూడు ముక్కలు. రూబీ వాళ్ళ రైల్స్ వరుసగా ఉన్న పెద్దబడులను ఒక ముద్దగా పట్టుకుంటుంది, యూజర్_ఐడి ఇస్తుంది. అది మంచిదే. కానీ వెనక్కి క్యామెల్ చేస్తే ఐ ఒక్కటే పెద్దబడి, డి చిన్నబడి. మొదట ఇచ్చిన పేరు తిరిగి రాదు. రైల్స్ డాక్యుమెంటేషన్‌లోనే ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్‌ని ఉదాహరణగా పెట్టి ఈ మాట చెప్పారు. ఐడీ, ఎస్‌ఎస్‌ఎల్ లాంటి పొడి అక్షరాల జాబితా చేత్తో ఇచ్చుకుంటే తప్ప దానికి వేరే మందు లేదు.

అంకెల సంగతి ఇంకోటి. ‘అడ్రస్1’ని జావాస్క్రిప్ట్ లైబ్రరీ లోడాష్ అడ్రస్_1 చేస్తుంది. రైల్స్ అడ్రస్1గానే ఉంచుతుంది. ఫ్రంట్ ఎండ్ ఒకటి వాడి, బ్యాక్ ఎండ్ ఇంకోటి వాడితే ఆ ఫీల్డు దారిలో మాయమవుతుంది. ఏ ఎర్రరూ రాదు, ఖాళీ విలువ వస్తుంది అంతే. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే.

గో వాళ్ళు ఐడి, యూఆర్‌ఎల్ అంటే మొత్తం పెద్దబడి ఉండాలంటారు. ప్రోటోబఫ్ (గూగుల్ వాళ్ళ డేటా ఫార్మాట్) నుంచి గో కోడ్ పుట్టిస్తే మాత్రం డి చిన్నబడిలో వస్తుంది. డాట్‌నెట్ వాళ్ళకు రెండక్షరాల పొడి పేరైతే మొత్తం పెద్దబడి, మూడు, ఆపైన అయితే మొదటిది మాత్రమే. బ్రౌజర్లలో ఉన్న ఎక్స్ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పేరు చూడండి. ఎక్స్ఎంఎల్ అంతా పెద్దబడి, హెచ్‌టీటీపీలో హెచ్ ఒక్కటే పెద్దబడి. ఒకే పేరులో రెండు పద్ధతులు ఉన్నాయి. దాని నుంచి పదాలను సరిగ్గా విడదీసే సూత్రం రాయొచ్చు, వేరే పేరు మీద అదే సూత్రం తప్పుతుంది.

అందుకని ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న పద్ధతి ఇది: పదాలుగా విడదీయడం ఒక్కసారే చేయాలి, అది కూడా మూలం దగ్గరే. శీర్షిక చదవగానే ‘తండ్రి’, ‘పేరు’ అని పదాల జాబితా చేసి దాచండి. స్నేక్, క్యామెల్, పాస్కల్ అన్నీ ఆ జాబితా నుంచి కలిపి రాసుకోవాలి. ఒక కేస్‌లో ఉన్న పేరును ఇంకో కేస్‌లోకి ఎప్పుడూ మార్చకండి. కలపడం తేలిక, అందులో తప్పు జరగదు. విడదీయడం ఊహ.

మూల శీర్షికను కూడా యథాతథంగా ఫీల్డు పక్కనే ఉంచండి. పైడాంటిక్‌లో ఏలియాస్, గోలో జేసన్ (డేటా పంపే పాఠ్య రూపం) ట్యాగ్, జావాలో జాక్సన్ ప్రాపర్టీ అనోటేషన్ ఉన్నది అందుకే.

---

మ్యూనిక్_గోంగూర | మంగళవారం, మధ్యాహ్నం 2:10

జావా అన్నారు కాబట్టి ఒక్క ముక్క. చిన్నబడిలోకి మార్చేటప్పుడు లొకేల్ రూట్ (ఏ ఒక్క భాష అలవాట్లూ పాటించని సెట్టింగు) అని తప్పకుండా ఇవ్వండి. మా టీమ్‌లో ఒకరి ల్యాప్‌టాప్ టర్కిష్ భాషలో ఉండేది. టర్కిష్‌లో పెద్ద ఐకి చిన్నబడి అంటే చుక్క లేని ఐ. ఆయన బిల్డ్ చేసినప్పుడు మాత్రమే ఐడి ఫీల్డులు వేరే పేరుతో పుట్టేవి. కంటికి చుక్క తేడా కనపడక మూడు రోజులు వెతికాం.

---

గోదారిగట్టు | మంగళవారం, సాయంత్రం 6:30

ఓరుగల్లు గారి పోస్టు చదివాక పల్నాటి గారి గో స్ట్రక్ట్ సంగతి గుర్తొచ్చింది. అక్కడ తెలుగు పేరు నడవదు, ముందే తెలుసుకోవడం మంచిది.

గోలో పేరు అంటే యూనికోడ్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. గుర్తులకు చోటు లేదు. ‘పేరు’ అని రాస్తే ఏత్వం దగ్గర చెల్లని అక్షరం అని కంపైలర్ ఆగిపోతుంది. గో అధికారిక ప్రశ్నోత్తరాల పేజీలోనే దేవనాగరి ఉదాహరణగా ఈ లోపం ఒప్పుకున్నారు.

ఇంతకంటే ప్రమాదకరం ‘ధర’. అందులో గుర్తులు లేవు కాబట్టి కంపైల్ అవుతుంది. కానీ గోలో బయటి ప్యాకేజీలకు కనపడాలంటే పేరు పెద్దబడితో మొదలవ్వాలి. తెలుగు అక్షరం పెద్దబడి కాదు, చిన్నబడీ కాదు, అందుకని ఎప్పటికీ బయటికి కనపడదు. జేసన్ ప్యాకేజీ అలాంటి ఫీల్డును చడీచప్పుడూ లేకుండా వదిలేస్తుంది. పంట ధర లేకుండా జేసన్ వెళ్ళిపోతుంది. ముందు ఎక్స్ అనే పెద్దబడి తగిలించుకోమని అదే పేజీలో సలహా ఇచ్చారు. అది ‘ధర’కు పనికొస్తుంది, ‘పేరు’కు పనికిరాదు.

టైప్‌స్క్రిప్ట్‌లో అయితే అసలు మార్చే అవసరమే లేదు. ప్రాపర్టీ పేరును కోట్స్‌లో పెడితే ‘తండ్రి/భర్త పేరు’ అనే శీర్షిక గీతతో, ఖాళీతో సహా అలాగే చెల్లుతుంది.

---

పల్నాటి_పైథాన్ | మంగళవారం, రాత్రి 9:55

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. గోదారి గారు చెప్పినట్టు జాతి చూసి విడదీశాను. పేరు, పైరు వేరయ్యాయి. కానీ మూడు చోట్ల ఇంకా ఆగాను.

‘1బి నంబరు’ అంకెతో మొదలవుతోంది. ముందు అండర్‌స్కోర్ పెట్టాను. పైథాన్ ఒప్పుకుంది, కానీ ఆ ఫీల్డు మోడల్‌లో కనిపించడం లేదు.

‘పాస్‌బుక్ నంబరు’ కాస్తా పాస్_బుక్_నంబరు అయింది, మధ్యలో కనపడని అక్షరం ఏదో ఉన్నట్టుంది.

మూడోది నా తప్పే. బ్రాకెట్లలో ఉన్నది వివరణే కదా అని తీసేశాను. భూమి (ఎకరాలు), భూమి (సెంట్లు) రెండూ ‘భూమి’ అయ్యాయి. దాన్ని తిరిగి పెట్టేశాను.

---

ఓరుగల్లు_జావా | మంగళవారం, రాత్రి 10:20

మొదటిదానికి: అండర్‌స్కోర్‌తో మొదలైతే పైడాంటిక్ దాన్ని ప్రైవేటు అనుకుంటుంది, ఫీల్డుగా లెక్కపెట్టదు. నేమ్డ్ టపుల్ అయితే అలాంటి పేరును నేరుగా తిరస్కరిస్తుంది. సీ భాషలో అండర్‌స్కోర్ తర్వాత పెద్దబడి వస్తే ఆ పేరు కంపైలర్ కోసం దాచిపెట్టింది, మనం వాడకూడదు. అంకెతో మొదలయ్యే పేరుకు ముందు అర్థమున్న పదం పెట్టడం నయం. ఫారం_1బి_నంబరు అనండి. రైతులు కూడా 1బి ఫారం అనే అంటారు కదా.

భూమి విషయంలో బ్రాకెట్లు ఉంచడం మంచి నిర్ణయం. మా వైపు షీట్లలో ఎకరాలు, గుంటలు ఉంటాయి. కొలత అన్నది పేరులో భాగమే. 40 గుంటలకో ఎకరం, 100 సెంట్లకో ఎకరం. కొలత పోతే అంకె ఉన్నా లాభం లేదు.

---

సిరిసిల్ల_మగ్గం | మంగళవారం, రాత్రి 10:41

పాస్‌బుక్ లోపల ఉన్నది జీరో విడ్త్ నాన్ జాయినర్ అండీ. స కింద బ వత్తు పడకుండా ‘పాస్’, ‘బుక్’ విడివిడిగా కనపడాలంటే దాన్ని టైపు చేయాల్సిందే. తెలుగు సరిగ్గా రాసేవాళ్ళు వాడే అక్షరం అది, అందుకని సర్వే చేసినవాళ్ళను తప్పుపట్టకండి.

పైథాన్, రస్ట్ దాన్ని పేర్లలో ఒప్పుకోవు. జావాస్క్రిప్ట్, జావా ఒప్పుకుంటాయి. పేరు పుట్టించేటప్పుడు దాన్ని తీసేయండి, చూపించే శీర్షికలో మాత్రం ఉంచండి. అండర్‌స్కోర్‌గా మార్చొద్దు. పదం చివర అది మిగిలిపోతే కంటికి ఏమీ కనపడదు, మీకు మాత్రం ఒక అండర్‌స్కోర్ ఎక్కువ వస్తుంది.

---

బందరు_డీబీఏ | బుధవారం, ఉదయం 9:15

డేటాబేస్ టేబుల్ కూడా ఇదే జాబితా నుంచి పుట్టిస్తారా? పోస్ట్‌గ్రెస్ అయితే జాగ్రత్త. మామూలు బిల్డులో పేరుకు 63 బైట్లే హద్దు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ఒక్కోటి 3 బైట్లు. అంటే 21కి మించి పట్టవు, అందులో గుణింతాలు కూడా లెక్కే.

‘కొనుగోలు_చేసిన_విత్తనాల_పరిమాణం’, ‘కొనుగోలు_చేసిన_విత్తనాల_ధర’ అని రెండు కాలమ్‌లు ఉన్నాయనుకోండి. రెండూ ‘కొనుగోలు_చేసిన_విత్తనా’ దగ్గర తెగుతాయి. తెంపినట్టు ఒక నోటీసు మాత్రమే ఇస్తుంది. ఒకే టేబుల్‌లో కాబట్టి అదే పేరు రెండుసార్లు వచ్చిందని ఎర్రర్ వస్తుంది, అది మన అదృష్టం. టేబుల్ పేర్ల దగ్గర, ‘లేకపోతేనే సృష్టించు’ అని రాసే అలవాటు ఉన్నవాళ్ళకు ఆ అదృష్టం ఉండదు. రెండో టేబుల్ పుట్టదు, డేటా మొదటిదాంట్లోకి వెళ్ళే ప్రయత్నం చేస్తుంది.

నా మాట వింటే డేటాబేస్‌లో పొట్టి ఇంగ్లీషు పేర్లు మనిషే కూర్చుని పెట్టాలి. యంత్రానికి వదలొద్దు.

---

సీమ_స్క్రిప్ట్ | బుధవారం, ఉదయం 9:50

మనిషే పెట్టినా రిజర్వ్డ్ పదాలు (భాష తనకోసం ఉంచుకున్న కీవర్డులు) చూసుకోవాలి కదా. మేము భూమి తరగతికి ‘క్లాస్’ అని పెట్టాం. ఈజ్ ఐడెంటిఫైయర్ అడిగితే ట్రూ అంది, ఫైలు ఇంపోర్ట్ చేస్తే పగిలింది. కీవర్డ్ మాడ్యూల్‌ని విడిగా అడగాలట.

---

ఓరుగల్లు_జావా | బుధవారం, ఉదయం 10:05

అవును. పైథాన్‌లో చివర అండర్‌స్కోర్ తగిలించడం పెప్ 8 చెప్పిన పద్ధతి. సీ షార్ప్‌లో ముందు ఎట్ గుర్తు, కాట్లిన్, స్విఫ్ట్‌లలో బ్యాక్‌టిక్‌లు, రస్ట్‌లో ఆర్ హ్యాష్. ఈ సర్దుబాటు అన్నిటికంటే చివర, కేస్ ప్రకారం కలిపాక చేయాలి. కీవర్డులన్నీ చిన్నబడిలో ఉండే భాషల్లో పాస్కల్ కేస్ పేరుకు ఈ గొడవే రాదు.

ఇంకో మాట. ఢీకొన్న పేర్లకు 1, 2 అని తోక తగిలించే జనరేటర్లు ఉన్నాయి. అది చేయకండి. రేపు కాలమ్‌ల వరుస మారితే ఏది 1, ఏది 2 అన్నది తారుమారవుతుంది. ఢీకొంటే జనరేటర్ ఆగిపోవాలి.

---

పల్నాటి_పైథాన్ | ఆదివారం, రాత్రి 8:30

ఆలస్యానికి మన్నించండి. చివరికి ఇలా చేశాను.

ఒక పేర్ల ఫైలు పెట్టాను. వరుసకో శీర్షిక: సర్వే వాళ్ళు రాసిన రూపం, విడదీసిన తెలుగు పదాలు, నేను, సంఘం కార్యదర్శి గారు కలిసి కూర్చుని పెట్టిన పొట్టి ఇంగ్లీషు పదాలు. మొత్తం 34 కాలమ్‌లు, ఒక సాయంత్రంలో అయిపోయింది. ‘కౌలు’కు ఏ ఇంగ్లీషు మాట పెట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరం అరగంట వాదించుకున్నాం. గో, పోస్ట్‌గ్రెస్ ఇంగ్లీషు పదాల నుంచి, పైథాన్ తెలుగు పదాల నుంచి, టైప్‌స్క్రిప్ట్ కోట్స్‌లో మూల శీర్షిక నుంచి. ఎక్కడా ఒక కేస్ నుంచి ఇంకో కేస్‌లోకి మార్చడం లేదు. పేర్ల ఫైలులో లేని శీర్షిక వచ్చినా, రెండు శీర్షికలు ఒకే పేరు ఇచ్చినా ఆగిపోయి ఆ రెండు శీర్షికలనూ, వాటి గడులనూ తెలుగులో చూపిస్తుంది.

శుక్రవారం వేరే ఊరి ఫైలులో ‘పైరు’ కనపడటం లేదని ఆగింది. కళ్ళముందే ఉంది, కనపడదంటుంది! ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింటుగా రాయొచ్చు, ఎత్వమూ ఐత్వపు గుర్తూ రెండూ కలిపీ రాయొచ్చునని అప్పుడు తెలిసింది. ఆ ఫైలులో రెండోది ఉంది. శీర్షిక చదవగానే ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకటి చేసే యూనికోడ్ రూపం) రూపంలోకి మార్చాను, పోల్చడానికి ముందే. ఇప్పుడు దొరుకుతోంది.

---

సిరిసిల్ల_మగ్గం | ఆదివారం, రాత్రి 8:52

చాలా మంచి పని చేశారు. నా కోడ్‌లోనూ ఎన్‌ఎఫ్‌సీ లేదు, ఈ రాత్రే పెడతాను. ఢీకొనడం ఇప్పటిదాకా ఎక్కడైనా పట్టుకుందా?

---

పల్నాటి_పైథాన్ | ఆదివారం, రాత్రి 9:04

పట్టుకుంది. నిన్న ఒక ఫైలులో ‘ఫోన్ నంబర్’ రెండుసార్లు వచ్చింది, ఒకదాని చివర మీరు చెప్పిన కనపడని నాన్ జాయినర్ ఉంది. పాత స్క్రిప్టు అయితే రెండోదాన్ని మొదటిదాని మీద రాసేసేది. సర్వే చేసిన అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఒకటి రైతుది, ఇంకోటి ఆయనకు ఫోన్ లేకపోతే కొడుకుదట. ఆ శీర్షికను ‘కుమారుడి ఫోన్ నంబర్’ అని మార్చింది, పేర్ల ఫైలులో ఒక వరుస చేర్చాం.